అట్టడబ్బాల్లో భూగర్భం

అదొక ఆదివారం పొద్దున. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో ఓ ఇల్లు. పదిహేనో పదహారో ఏళ్ల ఆడపిల్ల అమ్మతోనూ తోబుట్టువుతోనూ హాల్లో కూచుని ఉంది. ఉన్నట్టుండి కాళ్ల కింద నేల మెల్లగా కదిలింది. పైనుంచి వేలాడే దీపం అటూ ఇటూ ఊగింది. నాన్న గదిలోకొచ్చి అది భూకంపమని చెప్పాడు. అంతే! గోడ పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎక్కడో చాలా దూరాన పుట్టి, అలిసిపోయి వచ్చిన కదలిక అది. ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలని అప్పటి శాస్త్రజ్ఞులు చాలా తంటాలు పడ్డారట గానీ కచ్చితమైన చోటు మాత్రం చివరిదాకా తేలలేదట. ఈ సంగతంతా ఆ పిల్లే తన తొంభై తొమ్మిదో ఏట ఒక వ్యాసంలో రాసుకుంది.

ఆమె పేరు ఇంగే లేమన్. 1888 మే 13న పుట్టింది. ఆ ఆదివారం తర్వాత ఇరవై ఏళ్లకి, ప్రపంచంలో ఎక్కడ నేల కదిలినా అది ఎక్కడ కదిలిందో లెక్క కట్టడమే ఆమె ఉద్యోగమైంది. ఆ లెక్కల్లో ఎక్కడో ఒక చిన్న తేడా ఆమె కంట పడింది. దాని కొస పట్టుకుని పోయి పోయి, భూమి నట్టనడుమ ఏముందో చెప్పింది. మన స్కూలు పుస్తకాల్లో భూమిని నిలువుగా కోసి రంగురంగులుగా చూపిస్తారు చూడండీ, ఆ బొమ్మలో అన్నిటికంటే లోపల ఉండే చిన్న గుండ్రం ఆవిడ పెట్టిందే. ఆ బొమ్మని నేను పరీక్షల కోసం పదిసార్లైనా వేసుంటాను. దాని వెనక ఒక ఆడమనిషి ఉందని ఒక్క పుస్తకమూ చెప్పలేదు.

నాన్న ఆల్‌ఫ్రెడ్ లేమన్ మనస్తత్వ శాస్త్రంలో ప్రయోగాలు చేసిన ప్రొఫెసరు. కూతుర్ని చేర్పించిన బడి కూడా అందరూ చేర్పించేలాంటిది కాదు. హన్నా ఆడ్లర్ అనే ఆవిడ నడిపేది దాన్ని. అణువు గురించి చెప్పిన నీల్స్ బోర్‌కి ఆమె స్వయానా పెద్దమ్మ. ఆ బడిలో మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే గదిలో కూచునేవారు, ఒకే పాఠం చదివేవారు. అక్కడ కుట్టుపని మగపిల్లలకీ ఉంది, ఫుట్‌బాల్ ఆడపిల్లలకీ ఉంది. ఆడవాళ్ల బుర్ర ఒక రకం, మగవాళ్ల బుర్ర ఇంకో రకం అనే మాటే ఆ ఆవరణలో లేదు. బయటికొచ్చాక లోకం అలా లేదని తెలిసి ఇంగేకి పెద్ద ఆశాభంగమే అయింది.

1907లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో గణితంలో చేరింది. 1910లో ఇంగ్లాండు వెళ్లి కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో ఉంది. గొప్ప చోటే గానీ, ఆడపిల్లల మీద అక్కడ ఆంక్షలు అన్నీ ఇన్నీ కావు. తన దేశంలో అబ్బాయిలతో సమానంగా తిరిగిన పిల్లకి అది ఇరుగ్గా తోచిందంటే ఆశ్చర్యమేముంది? కేంబ్రిడ్జి ఆడవాళ్లకి పూర్తి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టిందే 1948లో మరి! ఇంగే అక్కడ మితిమీరి చదివింది. శరీరం మొరాయించింది. 1911 డిసెంబరులో చదువు మధ్యలోనే వదిలేసి, నీరసించిపోయి ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆమె చేసింది ఇన్సూరెన్సు లెక్కల ఆఫీసులో ఉద్యోగం. పట్టికలు, కూడికలు, సగటులు. మళ్లీ యూనివర్సిటీ గుమ్మం తొక్కింది 1918లో. డిగ్రీ చేతికొచ్చేసరికి 1920, అంటే ముప్ఫై రెండేళ్లు. ఆ ఆఫీసు రోజుల్ని పోగొట్టుకున్న కాలంగా రాసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. వందల అంకెల మధ్య ఏది నమ్మదగిందో ఏది కాదో పట్టుకునే చూపు అలాంటి చోట్లే గదా పదునెక్కుతుంది.

1925లో నీల్స్ ఎరిక్ నోర్లుండ్ అనే భూమాపన శాస్త్రవేత్త దగ్గర సహాయకురాలిగా చేరింది. డెన్మార్క్‌లోనూ, గ్రీన్‌లాండ్‌లోనూ భూకంపాల్ని నమోదు చేసే కేంద్రాలు పెట్టాలని ఆయన సంకల్పం. పని అప్పగించింది ఇంగేకీ, మరో ముగ్గురు కుర్రాళ్లకీ. ఆ ముగ్గురూ అంతవరకూ సిస్మోగ్రాఫ్ అనేదాన్ని కంటితో చూసినవాళ్లు కారు. ఆమెకి కూడా అదంతా కొత్తే. యంత్రాలు బిగిస్తూనే, పుస్తకాలు తిరగేస్తూనే, తనకు తానే పాఠం చెప్పుకుంది. 1927లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ వెళ్లి బెనో గూటెన్‌బర్గ్ దగ్గర ఒక నెల గడిపింది. 1928లో డెన్మార్క్ భూమాపన సంస్థలో భూకంప విభాగానికి అధిపతి అయింది. ఆ రంగంలోకి అడుగుపెట్టేనాటికి ఆమెకి ముప్ఫై ఏడేళ్లు. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది. ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటాంలే అని మన ఇళ్లల్లో ఎంత తేలిగ్గా అనేస్తామో!

ఇంతకీ ఆవిడ ఉద్యోగంలో చేసేదేమిటి? ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి.

2024 డిసెంబరు 4. పొద్దున ఏడున్నర అవుతోంది. మా ఖమ్మంలో పెనం మీద దోసె వేస్తున్నాను. గిన్నెల స్టాండు గలగలమంది. పిల్లి దూరిందేమో అనుకునేలోపే ఆగిపోయింది. వీధిలో అందరూ బయటికొచ్చేశారు. కాసేపటికి టీవీలో, కేంద్రం ములుగు జిల్లాలో ఉందనీ తీవ్రత 5.3 అనీ వచ్చింది. మా వాడు ఊరుకుంటాడా! అడవిలో, నేల లోపల కదిలితే, టీవీ వాళ్లకి ఇంత తొందరగా ఎలా తెలిసిందమ్మా, ఎవరైనా వెళ్లి చూసొచ్చారా అని మొదలుపెట్టాడు. వాడికి చెప్పిన విధంగానే మీకూ చెబుతాను.

నేల లోపల రాయి విరిగినప్పుడు అక్కణ్ణుంచి అలలు బయల్దేరతాయి. ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ముందుకీ వెనక్కీ తోసుకుంటూ పోయేది. దాన్ని పి తరంగం అంటారు. రెండోది పక్కలకి ఊగుతూ పోయేది, ఎస్ తరంగం. భూమి పైపొరలో మొదటిది సెకనుకి ఇంచుమించు 6 కిలోమీటర్లు పోతే, రెండోది మూడున్నర కిలోమీటర్లు పోతుంది. ఒకే ఊరి నుంచి ఒకే క్షణాన ఒకరు స్కూటర్ మీద, ఒకరు సైకిల్ మీద బయల్దేరారనుకోండి. మీ ఇల్లు దగ్గరైతే ఇద్దరూ ఇంచుమించు వెనకాముందుగా వస్తారు. దూరమయ్యేకొద్దీ సైకిలాయన వెనకబడతాడు. స్కూటరాయన వచ్చాక ఎంతసేపటికి సైకిలాయన వచ్చాడో చూస్తే చాలు, ఊరు ఎంత దూరమో చెప్పెయ్యొచ్చు. భూకంపంలోనూ అంతే. దగ్గరి భూకంపాలకి రెండు అలల మధ్య సెకన్లని ఎనిమిదితో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి. 25 సెకన్ల తేడా ఉంటే 200 కిలోమీటర్లన్నమాట.

సరే, దూరం తెలిసింది. ఏ దిక్కున? అది ఒక్క యంత్రం చెప్పలేదు. అందుకని, ఆ యంత్రం ఉన్న ఊరి మీద మేకు కొట్టి, దారం కట్టి, ముగ్గులో గుండ్రం గీసినట్టు మ్యాపు మీద ఒక వలయం గీస్తారు. ఆ వలయం మీద ఎక్కడైనా అయ్యుండొచ్చు. రెండో ఊరి యంత్రంతో ఇంకో వలయం గీస్తే రెండూ రెండు చోట్ల కోసుకుంటాయి. మూడో ఊరి వలయం ఆ రెండింట్లో ఒకదాని గుండా పోతుంది. అదే కేంద్రం! పుస్తకాల్లో అధికేంద్రం అంటారు. అంటే నేల మీద చోటు. దానికి సూటిగా కింద, లోపల రాయి విరిగిన చోటుని నాభి అంటారు. నాభి లోతు తెలియాలంటే దగ్గర్లో ఇంకొన్ని యంత్రాలుండాలి. ఈ రోజుల్లో వలయాలు ఎవరూ చేత్తో గియ్యరు. పదుల కొద్దీ కేంద్రాల నుంచి అలలు చేరిన వేళలు నేరుగా కంప్యూటర్లోకి వెళతాయి. అది ఒక చోటు అనుకుని, లెక్క వేసి, సరిపోకపోతే కాస్త జరిపి, మళ్లీ లెక్క వేసి... ఇలా తేడా బాగా తగ్గేదాకా జరుపుతుంది. ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం కాసేపట్లోనే చోటు చెప్పగలగడం అందువల్లే.

ఈ రెండు అలల్నీ విడదీసి గుర్తుపట్టడానికి మన దేశపు భూకంపం కూడా ఒకటి పనికొచ్చింది తెలుసా? 1897 జూన్ 12న అస్సాం, షిల్లాంగ్ ప్రాంతాన్ని కుదిపేసిన మహా భూకంపం అది. మన భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దాన్ని కూలంకషంగా పరిశీలించాడు. భూకంపాల అలలు రకరకాల వేగాలతో విడివిడిగా వస్తాయని 1900లో చూపించాడు. భూమి మధ్యలో వేరే రకం పదార్థంతో ఒక గర్భం ఉందని చెప్పింది కూడా ఆయనే, 1906లో.

దగ్గరి భూకంపాల సంగతి ఇదైతే, వేల కిలోమీటర్ల దూరంలోవి వచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. లోతుకి పోయేకొద్దీ అలల వేగం మారుతుంది, దారి వంగుతుంది. ఎనిమిదితో గుణిస్తే కుదరదు. ఎంత దూరానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ముందే పట్టికలు తయారుచేసుకోవాలి. ఆ పట్టికలు ఎక్కణ్ణుంచి వస్తాయి? చోటు తెలిసిన పాత భూకంపాల నుంచి. ఆ చోటు ఎలా తెలిసింది? పట్టికల నుంచి! వినడానికి నవ్వొస్తుంది గానీ, ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని సరిచేస్తూ, దాన్ని పట్టుకుని మళ్లీ మొదటిదాన్ని సరిచేస్తూ రావడమే ఆ రోజుల్లో శాస్త్రజ్ఞుల పని. మధ్యలో గడియారాల గొడవ. ఏదో ఒక ఊరి గడియారం కొన్ని సెకన్లు తప్పు నడిస్తే చాలు, కేంద్రం కిలోమీటర్ల కొద్దీ పక్కకి జరిగిపోతుంది. ఏ ఊరి లెక్క నమ్మొచ్చు, ఏ ఊరిది నమ్మకూడదు అన్నది కనిపెట్టడంలో ఇంగేని మించినవాళ్లు తక్కువ. యంత్రం గీసిన గీతని ఎవరో చదివి పంపిన అంకె కంటే, ఆ గీతనే తెప్పించుకుని తన కళ్లతో చూడటం ఆమెకి ఇష్టం.

కంప్యూటర్లు లేవు. మరి వేల అంకెలు ఎక్కడ పెట్టుకునేది? ఆమె బంధువుల అబ్బాయి ఒకాయన తర్వాత రోజుల్లో చెప్పిన జ్ఞాపకం ఇది. ఎండాకాలం, ఆదివారం, తోటలో పచ్చిక మీద పెద్ద బల్ల. దాని నిండా ఓట్స్ వచ్చే అట్టడబ్బాలు. డబ్బాల్లో అట్టముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక్కో భూకంపం వేళలు, చోట్లు. మనం ఖాళీ హార్లిక్స్ సీసాల్లో పప్పులు పోసి వరసగా పేర్చుకున్నట్టు, ఆవిడ ఖాళీ ఓట్స్ డబ్బాల్లో భూకంపాల్ని పేర్చుకుందన్నమాట!

గమనించండి, అది ఆదివారం. ఆఫీసులో ఆమె బాధ్యత యంత్రాలు చూసుకోవడం, భూకంపాల వివరాల బులెటిన్లు వెయ్యడం. పరిశోధన ఆ ఉద్యోగంలో భాగం కాదు. చెయ్యమని అడిగినవాళ్లూ లేరు, చెయ్యొద్దన్నవాళ్లూ లేరు. సొంత వేళ మిగుల్చుకుని చేసుకోవాల్సిందే. ఆమె పెళ్లి చేసుకోలేదు. సంసారం లేదు గనక తీరిక దొరికింది అని ఎవరైనా అంటే, అప్పటి పెళ్లికాని మగ శాస్త్రజ్ఞులంతా ఏం కనిపెట్టారో కూడా అడగాలి.

ఇక అసలు కథ. 1929 జూన్ 17న న్యూజీలాండ్‌లోని మర్చిసన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. తీవ్రత 7.3. కొండలు విరిగిపడ్డాయి. న్యూజీలాండ్ నుంచి చూస్తే డెన్మార్క్ భూగోళానికి ఇంచుమించు అవతలి వైపు ఉంటుంది. అంటే అక్కణ్ణుంచి యూరప్ చేరే అలలు భూమి గర్భంలోంచి దూసుకు రావాల్సిందే. ఇంగేకి అదొక వరం.

అప్పటికి అందరూ ఒప్పుకున్నది ఏమిటంటే, 2,900 కిలోమీటర్ల లోతు నుంచి గర్భం మొదలవుతుంది, అది కరిగిన ద్రవం. ద్రవంలోకి వెళ్లగానే పి తరంగాలు నీళ్లలో పెట్టిన గరిటె వంగి కనబడ్డట్టు వంగిపోతాయి. ఎస్ తరంగాలు ద్రవంలో పోనే పోవు. అందుచేత భూకంపానికి దాదాపు 11,500 కిలోమీటర్ల నుంచి 15,800 కిలోమీటర్ల దాకా దూరంలో ఉన్న ఊళ్లకి పి తరంగాలు సూటిగా చేరకూడదు. దాన్ని ఛాయామండలం అన్నారు. దీపం ముందు బంతి పెడితే వెనక నీడ పడ్డట్టే.

మరి రష్యాలోని స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కూట్‌స్క్ ఊళ్లు న్యూజీలాండ్ భూకంపానికి ఆ నీడలోనే ఉన్నాయి. అయినా అక్కడి యంత్రాల మీద, రాకూడని వేళకి, స్పష్టంగా, అల వచ్చినట్టు గీత పడి ఉంది! ఇలాంటి గీతలు అంతకుముందూ కనబడ్డాయి. గర్భం అంచు వెంట కొంత కదలిక జారి వచ్చిందేలే అని పెద్దలు సర్దిచెప్పుకున్నారు. అది అంత బలహీనమైన కదలిక కాదని, ఈ సర్దుబాటు చాలదని ఇంగేకి అనిపించింది. గడియారం తప్పా? ఆమెకి ఏ ఊరి గడియారం ఎంత మంచిదో తెలుసు. చోటు తప్పా? మిగిలిన ఊళ్ల లెక్కలన్నీ సరిగ్గానే కుదురుతున్నాయి. అంటే తప్పు మనం అనుకున్న భూమిలో ఉండాలి.

అప్పుడామె చేసిన లెక్క ఎంత సులువుగా ఉంటుందంటే, చూస్తే మనక్కూడా ధైర్యం వస్తుంది. భూమి పైభాగమంతా అలల వేగం సెకనుకి 10 కిలోమీటర్లు అనుకుంది. గర్భంలో 8 అనుకుంది. నిజానికి ఇంత సాఫీగా ఉండదని ఆమెకి తెలీదా? తెలుసు. చిక్కులన్నీ పక్కన పెడితే అసలు విషయం తేటపడుతుందని అలా చేసింది. ఆ గర్భం మధ్యలో ఇంకో చిన్న గోళం ఉందనీ, అందులో అలలు ఇంకాస్త వేగంగా పోతాయనీ అనుకుని చూసింది. అంతే! నీడలో పడ్డ గీతలు ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. ఆ లోపలి గోళానికి తగిలి పక్కకి మళ్లిన అలలవి.

మామిడిపండు గుర్తు తెచ్చుకోండి. తొక్క మనం నిలబడ్డ నేల. కండ మధ్య పొర. టెంక గర్భం, కాకపోతే ఇక్కడి టెంక గట్టిది కాదు, కరిగిన ఇనుము. అంతవరకే ఉందనుకుంటున్నారు లోకులు. టెంక లోపల జీడి కూడా ఉందని చెప్పింది ఇంగే లేమన్.

1936లో ఆ వ్యాసం అచ్చయింది. దానికి ఆమె పెట్టిన పేరు పి అనే ఒక్క అక్షరం, దాని పక్కన ఒక చిన్న గీత. గర్భం గుండా వచ్చే అలకి శాస్త్రజ్ఞుల గుర్తు అది. అన్నిటికన్నా లోపలి గోళాన్ని కనిపెట్టిన వ్యాసానికి అంత కురచ పేరు! అప్పటికామెకి నలభై ఎనిమిదేళ్లు. రెండేళ్లకి గూటెన్‌బర్గ్, రిక్టర్ ఒప్పుకున్నారు. ఆ వెనకే కేంబ్రిడ్జిలోని హెరాల్డ్ జెఫ్రీస్. ఆ గోళం వ్యాసార్ధం 1,400 కిలోమీటర్లు ఉండొచ్చని ఆమె అంచనా. ఇప్పటి లెక్క 1,220. అట్టముక్కల మీద వేసిన లెక్కకి ఇది తక్కువేం కాదు. ఆ గోళం గట్టి ఘనమేనని రుజువు కావడానికి మాత్రం 1971 దాకా పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్ అయిదేళ్లు జర్మనీ చెప్పుచేతల్లో ఉంది. దేశాల మధ్య లెక్కల రాకపోకలు తెగిపోయాయి. 1952లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్రం ప్రొఫెసరు పదవికి ఆమె పేరు పరిశీలనకొచ్చింది. ఇవ్వలేదు. ఆమె నోరు తెరిచి ఫిర్యాదు చేసే రకం కాదంటారు గానీ, పనికిరాని ఎంతమంది మగవాళ్లతో పోటీపడి వృథాగా ఓడాల్సి వచ్చిందో నీకు తెలీదు అన్న అర్థం వచ్చేలా ఆ బంధువుల అబ్బాయితో ఒకసారి అందట.

1953లో రిటైరైంది. అరవై అయిదేళ్లు. ఇక కృష్ణా రామా అనుకోవాల్సిన వయసు కదా మన లెక్కలో! ఆవిడ అమెరికా విమానం ఎక్కింది. మారిస్ ఇవింగ్ నడిపే లామాంట్ పరిశోధనాలయంలోనూ, కాలిఫోర్నియాలోనూ ఏళ్లకేళ్లు పనిచేసింది. అప్పుడు అమెరికా, రష్యాలు పోటీపడి భూమి లోపల అణుబాంబులు పేల్చి చూస్తున్నాయి. ఎవరు ఎక్కడ పేల్చారో పసిగట్టడానికి భూకంప యంత్రాలు కావాల్సొచ్చాయి. ఆ రంగానికి డబ్బు కుమ్మరించారు. అణుబాంబు మంచిదని ఎవరూ అనరు. కానీ భూకంపానికి లేని సౌలభ్యం దానికొకటుంది. పేలిన చోటూ, పేలిన క్షణమూ కచ్చితంగా తెలుసు. పట్టికల్ని సరిచూడ్డానికి అంతకంటే ఏం కావాలి? నెవాడాలో జరిపిన పేలుళ్ల అలల్ని తీసుకుని కూడా ఆమె లెక్కలు కట్టింది. సుమారు 220 కిలోమీటర్ల లోతున అలల వేగం ఒక్కసారిగా మారే హద్దు ఒకటి ఉందని చూపింది. దానికి లేమన్ హద్దు అని ఆమె పేరే పెట్టారు.

బిరుదులన్నీ ఆ తర్వాతే. 1969లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం ఇచ్చింది. 1971లో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ వారి విలియం బోవీ పతకం అందుకుంది, ఆడవాళ్లలో మొట్టమొదటిసారి. అప్పటికి ఎనభై మూడేళ్లు. కొండలెక్కడం, చిత్రకళ, తోటపని... ఈ సరదాలన్నీ ఉండేవి ఆమెకి.

1993 ఫిబ్రవరి 21న, నూట నాలుగేళ్ల వయసులో వెళ్లిపోయింది. 1997 నుంచి ఆమె పేరు మీద పతకం ఇస్తున్నారు. 2017లో కోపెన్‌హేగన్‌లో స్మారకం పెట్టారు.

ఆమె పోయిన ఏడు నెలలకి, సెప్టెంబరు 30 తెల్లవారుజామున, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి నేలమట్టమైంది. దగ్గర దగ్గర పదివేలమంది నిద్రలోనే పోయారు. హైదరాబాదులోనూ మంచాలు ఊగాయి. భూకంపాలు రావని ధీమాగా ఉన్న దక్కన్ పీఠభూమిలో అదెక్కడ పుట్టిందో, ఎంత లోతున పుట్టిందో తేల్చింది కూడా అలలు ఏ ఊరికి ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకి చేరాయన్న లెక్కలతోనే.